కరోనా పిల్లల్ని నిజంగా వదిలేసిందా?

2021 మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో పిల్లలున్న ఇళ్లన్నిటిదీ ఒకటే ప్రశ్న. "మూడో వేవ్ పిల్లలకేనట కదా, నిజమేనా డాక్టర్ సాబ్?" యాకుత్‌పురాలో ఉర్దూలో అడిగారు, లాల్‌దర్వాజాలో తెలుగులో అడిగారు, భయం మాత్రం ఒకటే. ఆ భయం వెనక ఒక లెక్క ఉంది. మొదటి వేవ్‌లో పెద్ద వయసువాళ్లు పోయారు. రెండో వేవ్‌లో నడివయసువాళ్లు, కొన్ని ఇళ్లలో ముప్ఫై దాటని వాళ్లు కూడా పోయారు. ఇక మిగిలింది పిల్లలే కదా! పైగా టీకాలన్నీ పెద్దవాళ్లకే వేస్తున్నారు.

వైరస్‌కు వయసుల వరుస తెలియదు. భారత పిల్లల వైద్యుల సంఘం ఆ నెలలోనే ఒక ప్రకటన చేసింది. మూడో వేవ్ ప్రత్యేకించి పిల్లల మీదే విరుచుకుపడుతుందనడానికి ఆధారం లేదని అందులో స్పష్టంగా చెప్పింది. అయినా టీవీల హోరులో ఆ మాట ఎవరికీ వినిపించలేదు. నిలోఫర్ ఆస్పత్రిలో మంచాలు, ఆక్సిజన్ సిద్ధం చేశారు. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. 2022 జనవరిలో మూడో వేవ్ ఒమిక్రాన్ రూపంలో రానే వచ్చింది. ఇంటింటా పిల్లలకు జ్వరాలొచ్చాయి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోయాయి. ఊహించిన ఉపద్రవం రాలేదు.

అందుకని చాలామంది "కరోనా పిల్లల్ని ఏమీ చేయలేదు" అని తేల్చేసుకున్నారు. ముందున్న భయం ఎంత తప్పో, తర్వాతి ధీమా కూడా అంతే తప్పు. ఎందుకో వరుసగా చూద్దాం.

సోకలేదా, సోకినా తెలియలేదా?

మహమ్మారి మొదలైన రోజుల్లో పిల్లలకు ఇది అసలు అంటుకోదేమోనని శాస్త్రవేత్తలే అనుకున్నారు. చైనా నుంచి వచ్చిన తొలి పెద్ద నివేదికలో 72,314 కేసులుంటే, పదేళ్ల లోపు పిల్లలు నూటికి ఒక్కరు కూడా లేరు. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. దుబాయ్ వెళ్లొచ్చిన యువకుడు. నెల తిరిగేసరికి మహబూబ్‌నగర్ జిల్లాలో నెల కూడా నిండని పసికందుకు పాజిటివ్ అని తేలింది. "అంటుకోదు" అన్న ఊహకు అక్కడే గండి పడింది.

అసలు చిక్కు పరీక్షల్లో ఉంది. ఆ రోజుల్లో జ్వరమో ఆయాసమో ఉన్నవాళ్లకే పరీక్ష చేసేవాళ్లు. ముక్కు కారుతూ గల్లీలో పతంగి ఎగరేసుకునే పిల్లాడికి ఎవరు చేస్తారు? కాబట్టి అతడు లెక్కలోకి రాలేదు. లెక్కలో లేనివాడికి జబ్బు రాలేదని మనం అనుకున్నాం.

ఈ పొరపాటును సరిదిద్దడానికి ఒక దారి ఉంది. వైరస్ వచ్చి వెళ్లిపోయినా, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, రక్తంలో నెలల తరబడి ఉంటాయి. వాటిని వెతికితే జబ్బు తెలియకుండా వచ్చి పోయినవాళ్లు కూడా దొరుకుతారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 2021 మొదట్లో ఈ పని చేశాయి. నగరంలో 30 వార్డుల నుంచి సుమారు 9,000 మంది రక్తం తీసి చూస్తే 54 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించాయి. వాళ్లలో నూటికి 75 మందికి పైగా తమకు కరోనా వచ్చిందనే తెలియదు! రెండో వేవ్ అప్పటికింకా మొదలు కాలేదు.

ఆ సర్వేలో పదేళ్ల లోపు పిల్లలు లేరు. పిల్లల సంగతి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, చేసిన దేశవ్యాప్త సర్వేల్లో తేలింది. 2020 డిసెంబర్, 2021 జనవరి నెలల్లో 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 25.3 శాతానికి ప్రతిరక్షకాలున్నాయి. రెండో వేవ్ ముగిశాక, 2021 జూన్, జూలైలో మళ్లీ చూస్తే అదే వయసులో అది 61.6 శాతం. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం. 18 నుంచి 44 ఏళ్ల వాళ్లలో 66.7 శాతం. అంటే పిల్లలు పెద్దవాళ్లకు పెద్దగా వెనకబడలేదు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. ఈ రెండు సర్వేల మధ్యకాలంలో చిన్న తరగతుల పిల్లలు బడి ముఖమే చూడలేదు. మరి వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటి గుమ్మంలోంచే. తలాబ్‌కట్టలోనో మొఘల్‌పురాలోనో రెండు గదుల ఇంట్లో నానీ, దాదా, అమ్మానాన్నలు, అరడజను మంది పిల్లలు ఉంటారు. గాలి వచ్చేది ఒక్క గుమ్మంలోంచే. అలాంటి చోట "ఇంట్లోనే ఉండండి, దూరం పాటించండి" అన్న సలహా ఇచ్చినవాళ్ల మనసులో ఏ ఇల్లు ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెచ్చింది ఎక్కువగా పెద్దవాళ్లే. పిల్లల నుంచి నానీకి తిరిగి అంటిన సందర్భాలూ ఉన్నాయి.

కాబట్టి మొదటి జవాబు: వైరస్ పిల్లల్ని వదిలేయలేదు. సోకింది, కానీ చాలామందిలో గుట్టుగా వచ్చి గుట్టుగా పోయింది.

ముక్కులోనే మేలుకున్న కాపలా

అంత గుట్టుగా ఎందుకు పోయింది? కరోనా వైరస్ ఒంటినిండా ముళ్లుంటాయని బొమ్మల్లో చూసే ఉంటారు. మన కణాల పైపొర మీద ఏసీఈ2 అనే ప్రోటీన్ ఉంటుంది. వైరస్ ముల్లు దానికి అతుక్కుంటేనే లోపలికి వెళ్లగలదు. న్యూయార్క్‌లో 4 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా 305 మంది ముక్కు లోపలి పొరను పరీక్షించి, పిల్లల్లో ఈ ఏసీఈ2 తక్కువగా ఉంటుందని 2020 మే నెలలో ప్రచురించారు. అతుక్కునే చోటు తక్కువ కాబట్టి జబ్బు తక్కువ అన్నమాట. వినడానికి బాగుంది. కానీ వైరస్ సోకిన పిల్లల ముక్కుల్లో పెద్దవాళ్లకు ఇంచుమించు సమానంగా వైరస్ కనిపించిన పరిశోధనలూ ఉన్నాయి. ఏసీఈ2 ఒక్కటే కారణమైతే అలా జరగకూడదు.

అసలు తేడా లోపలికి వచ్చాక ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది. బెర్లిన్ శాస్త్రవేత్తలు పిల్లల ముక్కుల్లోంచి, పెద్దవాళ్ల ముక్కుల్లోంచి కణాలు తీసి ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పరిశీలించారు. కొత్త వైరస్ వాసన పట్టే ప్రోటీన్లు కణాల్లో ఉంటాయి. అవి వైరస్‌ను గుర్తిస్తే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక రసాయనం విడుదలవుతుంది. ఆ కబురందిన చుట్టుపక్కల కణాలు తలుపులు బిగించుకుంటాయి. పిల్లల ముక్కుల్లో ఈ వాసన పట్టే ప్రోటీన్లు వైరస్ రాకముందే ఎక్కువగా ఉన్నాయి. పెద్దవాళ్లలో వైరస్ వచ్చాకే అవి పెరగడం మొదలవుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన ఈ ఫలితమే నాకు అన్నిటికంటే నమ్మకంగా అనిపించింది.

రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల రాత్రి రెండింటికి కూడా దుకాణాలు తెరిచే ఉంటాయి. లాడ్‌బజార్‌లో గాజుల బేరాలు, హలీం దేగ్ల ముందు జనం, సహరీ దాకా తిరిగే కుర్రాళ్లు. అలాంటి రాత్రి ఒక దొంగ గల్లీలోకి దూరితే అడుగడుగునా కళ్లే. ఒక ఇంటి గొళ్లెం మీద చెయ్యి వేయగానే నలుగురు అరుస్తారు, పది తలుపులు మూసుకుంటాయి. దొంగ మహా అయితే ఒక చెప్పుల జత ఎత్తుకుపోతాడు. పిల్లల ముక్కు అలాంటి రాత్రి గల్లీ. ఏడాది పొడుగునా ఏదో ఒక జలుబుతో అది మేలుకునే ఉంటుంది. పెద్దవాళ్ల ముక్కు మామూలు నెలలో అర్ధరాత్రి దాటిన గల్లీ. షట్టర్లు దించి అందరూ పడుకున్నారు. దొంగ నాలుగు ఇళ్లు దోచాక ఎవరికో మెలకువ వస్తుంది. పోలీసులు ఆలస్యంగా, పెద్ద బలగంతో దిగుతారు. ఆ హడావుడిలో దొంగ వీపుతో పాటు దారిన పోయేవాళ్ల వీపులూ పగులుతాయి. రెండో వేవ్‌లో ఎనిమిదో రోజుకో పదో రోజుకో ఆయాసం వచ్చి ఐసీయూలో చేరిన పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో జరిగింది చాలావరకు ఈ ఆలస్యపు లాఠీచార్జే.

వేరే కారణాలూ తోడయ్యాయి. కొత్త శత్రువును గుర్తించడం నేర్చుకోగల తెల్లకణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. చిన్నతనంలో ఆ గ్రంథి పెద్దగా ఉంటుంది, వయసుతో కుంచించుకుపోతుంది. పిల్లల రక్తనాళాల లోపలి పొర నున్నగా, ఆరోగ్యంగా ఉంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టే బెడద తక్కువ. షుగరు, బీపీ, పొగతాగే అలవాటు లేవు.

దీన్నిబట్టి చిన్నవాళ్లయ్యేకొద్దీ ఇంకా సురక్షితం అనుకోకూడదు. చాలా దేశాల లెక్కలు కలిపి 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనాలో, కరోనా సోకినవాళ్లలో చనిపోయే ప్రమాదం అన్నిటికంటే తక్కువగా ఉన్నది ఏడేళ్ల వయసులో. లక్షమందికి సోకితే ఇద్దరు ముగ్గురు. అక్కడి నుంచి వయసు పెరిగినా ప్రమాదం పెరుగుతుంది, తగ్గినా పెరుగుతుంది. ఏడాది లోపు పసివాళ్ల గాలిగొట్టాలు సన్నవి. కొంచెం వాచినా, కొంచెం తెమడ పట్టినా ఊపిరి ఆడదు. ఒమిక్రాన్ ఊపిరితిత్తుల కంటే పైనున్న గొట్టాల్లో ఎక్కువగా పెరిగే రకం. అందుకే 2022 జనవరిలో కుక్క మొరిగినట్టు దగ్గే పసిపిల్లలు డాక్టర్ల దగ్గరికి ఎక్కువగా వచ్చారు. క్రూప్ అంటారు దాన్ని. ముందునుంచీ గుండెజబ్బు, కిడ్నీజబ్బు, తలసీమియా, కేన్సర్ ఉన్న పిల్లల సంగతీ వేరే. కరోనాతో చనిపోయిన పిల్లల్లో ఇలాంటి జబ్బులున్నవాళ్లే ఎక్కువ.

బాలింతల గురించి ఒక మాట. తల్లికి పాజిటివ్ అనగానే బిడ్డను వేరే గదిలో పెట్టి డబ్బాపాలు పట్టించిన ఇళ్లు చాలా ఉన్నాయి. అది అనవసరం. కడుపులో ఉండగా బిడ్డకు సోకడం అరుదు. తల్లిపాలలో వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

జబ్బు పోయిన నెలకు వచ్చే జబ్బు

ఇంతవరకు చదివి ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి.

2020 ఏప్రిల్ చివరి వారంలో బ్రిటన్ వైద్యులకు ఒక హెచ్చరిక వెళ్లింది. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న పిల్లలు తీవ్ర జ్వరంతో, కడుపునొప్పితో, ఒంటిమీద దద్దుర్లతో, పడిపోతున్న రక్తపోటుతో ఐసీయూల్లో చేరుతున్నారు. ముక్కులో వైరస్ ఉందా అంటే చాలామందిలో లేదు. రక్తంలో ప్రతిరక్షకాలు మాత్రం ఉన్నాయి. అంటే కరోనా ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది, ఇది దాని తర్వాతి కథ. మే నెలలో అమెరికావాళ్లు దీనికి మిస్-సి అని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే ఒళ్లంతటి వాపు. గుండె, పేగులు, చర్మం, కళ్లు, రక్తనాళాలు, ఒక్కోసారి మెదడు కూడా ఒకేసారి మంటెక్కిపోతాయి. సోకిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత ఇది మొదలవుతుంది. ఎక్కువగా ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల్లో కనిపించింది. మొదటిసారి సోకినప్పుడు వాళ్లలో చాలామందికి దగ్గు కూడా రాలేదు.

పిల్లల వైద్యులకు దీన్ని చూడగానే పాత జబ్బు ఒకటి గుర్తొచ్చింది. జపాన్‌లో తొమిసాకు కవాసాకి అనే వైద్యుడు 1961లో నాలుగేళ్ల కుర్రాడిలో చూసిన వింత జ్వరం అది. ఎర్రబడిన కళ్లు, ఎర్రటి నాలుక, దద్దుర్లు, వేళ్ల చివర చర్మం ఊడటం. ఆయన ఓపికగా 50 మందిని పోగుచేసి 1967లో వ్యాసం రాశాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత, ఈ జబ్బు గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలను ఉబ్బిస్తుందని తేలాక ప్రపంచమంతా ఆయన పేరే పెట్టుకుంది. కవాసాకి జబ్బు చాలావరకు అయిదేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. మిస్-సి అంతకంటే పెద్ద పిల్లలకు వస్తుంది, కడుపును ఎక్కువ బాధపెడుతుంది, గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది. కవాసాకి 2020 జూన్‌లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన జబ్బుకు దగ్గరి చుట్టం పేపర్ల మొదటి పేజీల్లో ఉన్న రోజులవి.

వైరస్ వెళ్లిపోయాక ఇదెందుకు వస్తుంది? ఇందాకటి గల్లీనే తీసుకుందాం. దొంగ పారిపోయాడు. అతని మొహం అందరికీ గుర్తుంది. నెల తర్వాత, కాస్త అదే పోలిక ఉన్న ఇంటివాడు గుమ్మంలో కనబడితే జనం అతని మీద పడ్డారు. 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో అమెరికా పరిశోధకులు సరిగ్గా ఇలాంటిదే చూపించారు. కరోనా వైరస్ లోపలి ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్క, మన రక్షణ కణాల్లోనే ఉండే ఎస్ఎన్ఎక్స్8 అనే ప్రోటీన్‌లోని ముక్కను పోలి ఉంది. మిస్-సి వచ్చిన పిల్లల్లో మూడో వంతుకు పైగా ఈ సొంత ప్రోటీన్ మీదే దాడిచేసే ప్రతిరక్షకాలు దొరికాయి. మిగతా పిల్లల్లో వేరే దారులేవో ఉండాలి. పేగుల్లో వారాల తరబడి దాక్కున్న వైరస్ ముక్కలు గోడ దాటి రక్తంలోకి జారడం కూడా ఒక దారి కావచ్చని 2021లోనే కొందరు చూపించారు.

ఎంతమందికి వస్తుంది? తొలి ఏడాది అమెరికా లెక్కల్లో సుమారు 3,000 మందికి సోకితే ఒకరికి. చాలా అరుదు. కానీ సోకినవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు అరుదైనది కూడా వార్డులు నింపుతుంది. దేశంలో రెండో వేవ్ తగ్గిన 2021 మే చివరి నుంచి జూన్ దాకా హైదరాబాద్ పిల్లల ఆస్పత్రులు చూసింది దీన్నే. పెద్దవాళ్ల వార్డులు ఖాళీ అవుతుంటే పిల్లల వార్డుల్లో కదలిక మొదలైంది. చాలామంది దాన్నే మూడో వేవ్ అనుకున్నారు. నిజానికి అది రెండో వేవ్ తోక. ఒమిక్రాన్ వచ్చాక మిస్-సి బాగా తగ్గిపోయింది. వైరస్ మారడం, చాలామంది పిల్లల్లో అప్పటికే రక్షణ ఏర్పడి ఉండటం రెండూ కారణాలే.

వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. వేలమంది దాతల రక్తం నుంచి వడకట్టిన ప్రతిరక్షకాల మందును, ఐవీఐజీ అంటారు, నరానికి ఎక్కిస్తారు. కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన 20 కిలోల పిల్లకు 40 గ్రాములు కావాలి. ఇది చాలా ఖరీదైన మందు. గాజుల కొలిమి దగ్గర పనిచేసే తండ్రి సంపాదనకు అందేది కాదు. అందుకే 2021 జూన్‌లో వచ్చిన ఒక ఫలితం మనలాంటి దేశాలకు ముఖ్యం. 32 దేశాల నుంచి 600 మందికి పైగా పిల్లల వివరాలు పోల్చి చూస్తే, ఐవీఐజీ ఇచ్చినవాళ్లకూ, చవకైన స్టెరాయిడ్లు మాత్రమే ఇచ్చినవాళ్లకూ కోలుకోవడంలో స్పష్టమైన తేడా కనబడలేదు. సకాలంలో వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువమంది గుండె కొన్ని వారాల్లో, నెలల్లో మామూలుగా కొట్టుకుంటుంది. సంపన్న దేశాల్లో మరణాలు నూటికి ఒకటి రెండు.

డెంగీయా, ఇదా?

హైదరాబాద్‌లో ఈ జబ్బుకు ఒక స్థానిక చిక్కు ఉంది. రెండో వేవ్ తగ్గింది వానాకాలం మొదట్లో. జూలై నుంచి అక్టోబర్ దాకా పాతబస్తీలో పిల్లలకు తీవ్ర జ్వరం వస్తే అందరి నోటా మొదట వచ్చే పేరు డెంగీ. నీళ్లు రెండు రోజులకోసారి వచ్చే ఇళ్లలో డ్రమ్ములు, సంపులు తప్పవు. ఆ నిలవనీళ్లలోనే డెంగీ దోమ పెరుగుతుంది.

రెండు జబ్బులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అయిదు రోజుల జ్వరం, కడుపునొప్పి, వాంతులు, దద్దుర్లు, తగ్గే ప్లేట్‌లెట్లు, చివరికి రక్తపోటు పడిపోవడం రెండిట్లోనూ ఉంటాయి. కానీ వైద్యం మాత్రం ఎదురెదురు. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు కారిపోతుంది కాబట్టి లెక్కగా సెలైన్ ఎక్కించాలి. మిస్-సిలో గుండె బలహీనపడి ఉంటుంది కాబట్టి అదే సెలైన్ ఎక్కువైతే ప్రమాదం. మిస్-సిలో రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. డెంగీలో ఆస్పిరిన్ ఇస్తే రక్తస్రావం కావచ్చు. ఎడాపెడా మందులిచ్చే గల్లీ క్లినిక్‌లో ఈ తేడా తెలియకపోతే పిల్లాడికే నష్టం.

తేడా పట్టడానికి రక్తపరీక్షలున్నాయి. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష డెంగీని పట్టిస్తుంది. మిస్-సిలో వాపును చూపే సీఆర్పీ విపరీతంగా పెరుగుతుంది, డెంగీలో సాధారణంగా అంత పెరగదు. డెంగీలో రక్తం చిక్కబడుతుంది. ఎకో తీస్తే గుండె సంగతి తెలుస్తుంది. మరి కరోనా యాంటీబాడీ పరీక్ష? 2021 వానాకాలానికి అది పనికిరాకుండా పోయింది. ఐసీఎంఆర్ లెక్కల్ని గుర్తుచేసుకోండి. అప్పటికే పిల్లల్లో సగానికి పైగా ప్రతిరక్షకాలున్నాయి. డెంగీతో వచ్చిన పిల్లాడిలోనూ అవి కనబడతాయి. కాబట్టి అన్నిటికంటే పనికొచ్చిన పరీక్ష డాక్టర్ అడిగే ఒక మామూలు ప్రశ్న. "నెల క్రితం ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా, వాసన పోయిందా?" దానికి దాచకుండా జవాబు చెప్పిన తల్లి సగం వైద్యం చేసినట్టే. భయంతోనో, ఇరుగుపొరుగు వెలేస్తారనో దాచిన ఇళ్లు తక్కువేం కాదు.

జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి అలసట, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం ఉండే పిల్లలూ ఉన్నారు. పెద్దవాళ్లలో లాంగ్ కోవిడ్ అనేది ఇదే. "సోమరితనం, బహానా" అని కొట్టేముందు దీన్ని ఒకసారి అనుమానించాలి.

వైరస్ చేయని నష్టం

పిల్లలకు జరిగిన నష్టంలో పెద్ద భాగం వైరస్ వాళ్ల ఒంట్లో చేసింది కాదని నా అభిప్రాయం. తెలంగాణలో 2020 మార్చి మధ్యలో బడులు మూశారు. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు తెరిచి, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలు మాత్రం 2021 సెప్టెంబర్ 1 దాకా, దాదాపు ఏడాదిన్నర, బడి గడప తొక్కలేదు. టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను, ఒక్క టీవీ అయిదుగురు పిల్లల మధ్య ఎవరి చేతికి వస్తాయి? పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే తెలంగాణ పల్లెల్లో తేల్చిన లెక్క ఇది: మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పుస్తకం చదవగలిగిన పిల్లలు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. బస్తీ పిల్లల లెక్క విడిగా తీసి ఉంటే అది ఇంతకంటే ఎంతో మెరుగ్గా ఉండేదని నేననుకోను.

టీకాల సంగతి ఇంకా చిత్రం. కరోనా టీకా కోసం లోకమంతా హైదరాబాద్ వైపు చూసింది. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 2022 జనవరి 3న వేయడం మొదలుపెట్టిన కోవాగ్జిన్ భారత్ బయోటెక్‌ది, మార్చి 16న 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు మొదలైన కార్బెవాక్స్ బయొలాజికల్ ఈ వాళ్లది. రెండూ ఈ ఊరివే. ఆ హడావుడిలో మామూలు టీకాలు వెనకబడ్డాయి. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతాలకు మూడు మోతాదులూ పూర్తయిన పసివాళ్లు దేశంలో 2019లో 91 శాతం ఉంటే 2020లో 85 శాతానికి పడిపోయారు. 2022 చివర్లో ముంబయి బస్తీల్లో తట్టు విజృంభించింది. తట్టు పిల్లల పాలిట కరోనా కంటే ఎన్నో రెట్లు ప్రాణాంతకం.

ఇక, 2022 జనవరి నాటికి జాతీయ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్కలో, 2020 ఏప్రిల్ నుంచి కరోనాతోనో ఇతర కారణాలతోనో తల్లినో తండ్రినో లేక ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలు దేశంలో 1,47,492 మంది. అందులో ఇద్దరూ పోయినవాళ్లు 10,094. కరోనా పిల్లల్ని ఏమీ చేయలేదనేవాళ్లు ఈ అంకెను ఒకసారి పైకి చదవాలి.

కరోనా ఇప్పుడు మామూలు జలుబుల్లో ఒకటిగా తిరుగుతోంది, ఇంకా తిరుగుతుంది. ఈ పుస్తకం చదివే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి రెండే. ఇంట్లో కరోనా వచ్చిన రెండు నుంచి ఆరు వారాల లోపు పిల్లకు జ్వరం మూడు రోజులు దాటితే, దానికి తోడు కడుపునొప్పి, వాంతులు, దద్దుర్లు, ఎర్రటి కళ్లు, మగత, వీటిలో ఏదైనా ఉంటే మందుల దుకాణానికి పోవద్దు. నేరుగా పురానీ హవేలీలోని దుర్రే షెహ్వార్ పిల్లల ఆస్పత్రికో, మూసీ దాటి నిలోఫర్‌కో తీసుకెళ్లండి. వెళ్లగానే "నెల క్రితం ఇంట్లో కరోనా వచ్చింది" అని అడగకముందే చెప్పండి. రెండోది, ఈరోజే పిల్లల టీకా కార్డు తీసి చూడండి. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో ఒకటి, తట్టు టీకాలు రెండూ పడ్డాయా? ఒక్క గడి ఖాళీగా ఉన్నా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ఆ టీకాకు పైసా ఖర్చు లేదు.